తిరిగేది నా తల

రెండు నిమిషాల్లో తగ్గిపోతుందనుకున్నాను. గాలి ఎప్పుడు నా మాట విన్నది గనక. ఇప్పుడు కరెంటు కూడా పోయింది, గాలి మీటరు మీద అంకె ఆరిపోయింది, ఇందాకటి నుంచీ చెవులు చిల్లులు పడేలా కూస్తున్న అలారం కూడా నోరు మూసుకుంది. మూసుకున్నాక తెలిసింది, అది కూస్తున్నప్పుడే నయమని, కనీసం ఎవరో నాతోపాటు భయపడుతున్నట్టు ఉండేది. ఎనభై మీటర్ల ఎత్తున, క్రేన్ పైన మంచమంత గాజు గదిలో, కుర్చీకి బెల్టు బిగించుకుని కూర్చున్నాను. పొద్దున్న పదిన్నర అయింది, ఆకాశం మాత్రం సాయంత్రం ఆరున్నరలా ఉంది. నా ముందు యాభై ఐదు మీటర్ల ఇనప చెయ్యి, మేం బూమ్ అంటాం, రోడ్డు వైపు చాచుకుని ఉంది, దాని పక్కటెముకల మీద గాలి వచ్చి కొడుతోంది, కొట్టిన ప్రతిసారీ కింద స్తంభంలోంచి ఒక మూలుగు పైకి పాకి నా కుర్చీలోకి, నా వెన్నులోకి వస్తోంది. పద్నాలుగేళ్ళుగా ఇనుము మూలగడం వింటున్నాను, బరువెత్తేటప్పుడు ఒకలా, ఎండకి ఒకలా, వానకి ఒకలా. ఇలాంటి మూలుగు ఎప్పుడూ వినలేదు.

చెయ్యాల్సిందేమిటో తెలుసు. క్రేన్ ఎక్కే ప్రతివాడికీ మొదటిరోజే చెప్పే పాఠం. గాలి పెరిగితే సరుకు దించెయ్, కొక్కెం పైకి లాగు, తిరిగే బ్రేకు వదిలెయ్, దిగిపో. బ్రేకు వదిలితే బూమ్ గాలి తోసినవైపు తిరుగుతుంది, తిరిగి తిరిగి గాలికి వీపు చూపించి నిలబడుతుంది, గాలి దాని మీదుగా జారిపోతుంది. బిగించి ఉంచితే దెబ్బంతా పక్కటెముకల మీద పడుతుంది, స్తంభం మెలిపడుతుంది, ఆ తరవాత పేపర్లో ఫొటో. నాకు పని నేర్పిన గురువు ఈ మాట చెప్పి, కళ్ళజోడు పైకి తోసుకుని నవ్వేవాడు, ‘నీ చెయ్యి ఒప్పుకోదు చూడు, గాలొస్తే గట్టిగా పట్టుకోమంటుంది, అది మనిషి చెయ్యి కదా’ అనేవాడు. ఒప్పుకోలేదు. సరుకు దించాను, కొక్కెం లాగాను, బ్రేకు వదిలే బటన్ మీద వేలు పెట్టాను, అప్పుడు కనబడింది రోడ్డుకి అవతల బడి, ఆవరణలో నీలం చొక్కాల పిల్లలు. బ్రేకు వదిలితే ఈ బూమ్ వాళ్ళ నెత్తి మీదుగా తిరుగుతుంది. బడి కప్పుకి చాలా ఎత్తులో తిరుగుతుంది, కొక్కేనికి ఏ బరువూ లేదు, ఎవరికీ ఏమీ కాదు, అన్నీ తెలుసు. తెలియడం వేరు, చెయ్యి వినడం వేరు. ఉన్నచోటే ఉండనీ, రెండు నిమిషాలాగి వదులుదాం అనుకున్నాను. ఆ రెండు నిమిషాల్లోనే కరెంటు పోయింది. కరెంటు లేకపోతే బటన్ పని చెయ్యదు, బ్రేకు తనంతట తనే పట్టేస్తుంది, ఉడుంపట్టు. గాలి దిక్కు కూడా మార్చింది. ఇప్పుడు ఈ స్తంభం గనక ఒరిగితే రోడ్డు దాటి నేరుగా ఆ నీలం చొక్కాల మీదికే. కాపాడదామని నేను పట్టుకున్నదే వాళ్ళ మీద పడబోతోంది. ఇంత తెలివి ఎవరికైనా ఉంటుందా.

‘మావయ్యా, వినబడుతోందా? కరెంటు పోయింది, బ్రేకు పట్టేసింది, మావయ్యా.’ ఎడమ చేతిలో వాకీటాకీ ఉంది, దానికి మాత్రం కరెంటుతో పని లేదు, ఎర్ర దీపం వెలుగుతోంది, అంటే బ్యాటరీ ఉన్నట్టే. జవాబు లేదు. మావయ్య అంటే మేనమామ కాదు, ఏ చుట్టమూ కాదు. కింద నిలబడి నాకు సైగలు చేసే సిగ్నల్ మనిషి, సైటంతా మైకు మావయ్య అంటారు, వాకీటాకీ లేకుండా మాట్లాడినా ఆయన మాట ఐదో అంతస్తుకి వినబడుతుంది. ఆరేళ్ళుగా ఆయన కన్ను, నా చెయ్యి. బిల్డింగు మూల వెనక నాకేమీ కనబడదు, ఆయన ‘దించు, దించు, ఇంకొంచెం, ఆపు అల్లుడూ’ అంటాడు, నేను ఆపుతాను. ఒక్కసారైనా మౌనంగా ఉన్న మనిషి కాదు, బువ్వ తింటూ కూడా మాట్లాడతాడు, వాళ్ళావిడతో గొడవపడి వచ్చిన రోజు ఆ గొడవంతా నాకు రేడియోలో అప్పజెబుతాడు, సైటు ఇంజనీరు అరిచేదాకా. అలాంటి మనిషి ఇప్పుడు ఉలుకూ పలుకూ లేదు. వెళ్ళిపోయాడు. అందరూ వెళ్ళిపోయుంటారు. ఈ క్రేన్ పడేలా ఉందంటే ఎవడుంటాడు కింద, ఎందుకుండాలి, నేనైనా పరిగెత్తేవాణ్ణే. అయినా ఒక్క మాట చెప్పి పోవచ్చు కదా, దొంగసచ్చినోడు, ఆరేళ్ళు అల్లుడూ అల్లుడూ అని. మావయ్యా, వినబడుతోందా? పైకి అంటున్నానో లోపల అనుకుంటున్నానో తెలియడం లేదు, పెదవులు మాత్రం కదులుతున్నాయి.

మళ్ళీ కొట్టింది. గది ఊగింది. ఊగడం నాకు అలవాటే, క్రేన్ అన్నాక ఊగుతుంది, ఊగకపోతే విరుగుతుంది. కానీ ఇది ఊగడం కాదు, ఎవరో తడిబట్ట పిండుతున్నట్టు ఉంది. కళ్ళ ముందు బడి పక్కకి జరిగింది, మళ్ళీ వచ్చింది. అమ్మకి ఇలాగే ఉంటుందేమో. అమ్మకి కళ్ళు తిరిగే జబ్బు, చెవి లోపల ఇసుక రేణువంతది ఏదో చోటు తప్పిందని చెప్పింది డాక్టరమ్మ. ఇసుక రేణువు చోటు తప్పితే ఇల్లంతా గిర్రున తిరగడమేమిటో. మొదటిసారి వచ్చినప్పుడు వంటగట్టు పట్టుకుని ‘ఒరేయ్, ఇల్లు పడిపోతోంది, బయటికి పరిగెత్తండ్రా’ అని కేకేసింది. మేం పరిగెత్తాం కూడా, మా ఆవిడ చేతిలో గరిటెతో సహా. వీధంతా నవ్వారు. కదలని వస్తువేదైనా ఒకటి చూస్తూ ఉండండి, తగ్గుతుంది అంది డాక్టరమ్మ. అమ్మ గోడకున్న మేకుని చూసింది, ‘మేకూ తిరుగుతోంది’ అంది. గడియారం చూసింది, తలుపు గొళ్ళెం చూసింది, ఆఖరికి నా మొహం చూసింది. ‘నువ్వు అన్నిటికన్నా ఎక్కువ తిరుగుతున్నావురా నాయనా’ అంది. తరవాత కళ్ళు మూసుకుంది. ‘కనబడేవన్నీ తిరుగుతుంటే దేన్ని చూడమంటుంది ఆవిడ? కనబడనివాడే నయం’ అంది. అప్పటి నుంచీ జబ్బు వచ్చినప్పుడల్లా మంచంపట్టె పట్టుకుని పడుకుంటుంది, ఒకటే మాట, పెద్దగా కాదు, పక్కన కూర్చున్నవాళ్ళకి చెప్పినట్టు. తిరిగేది నా తల, దేవుడు కాదు. తిరిగేది నా తల, దేవుడు కాదు. పావుగంట అలా అని, లేచి, ఏమీ జరగనట్టు కూర తరుగుతుంది.

నేను ఊరుకునేవాణ్ణా. ‘రోజూ ఎనభై మీటర్ల పైన కూర్చునేవాణ్ణి నేను, నీ దేవుడు ఆ దరిదాపుల్లో లేడమ్మా, పావురాలు తప్ప’ అన్నాను ఒకరోజు. అమ్మ తల కూడా ఎత్తలేదు. ‘బల్ల మీది ఫోను నీకు కనబడదు, నేనొచ్చి ఇవ్వాలి. నువ్వు వెతికి లేడన్నావంటే నేను నమ్మాలా?’ అంది. మా ఆవిడ నవ్వింది. మూడేళ్ళలో మా ఆవిడ నవ్విన రోజులు లెక్కపెట్టొచ్చు, అందులో అదొకటి.

మూడేళ్ళు. మా పాప పుట్టి పదకొండు రోజులుంది. దానిదీ గాజు పెట్టే, నా గదికన్నా చిన్నది, పక్కన ఒక మీటరు, దాని మీదా అంకెలే. అరచేయంత వీపు. నేను ఆస్పత్రి నడవలో నిలబడి దేవుణ్ణి అడిగాను. అడగడం అంటే మామూలుగా కాదు, తిండి లేదు నిద్ర లేదు, ఊపిరి తీసుకోవడానికి ఆగితే ఏమవుతుందోనని ఆగకుండా అడిగాను, బతిమాలాను, తిట్టాను, నా ఆయుష్షు తీసుకో అన్నాను, మళ్ళీ మొదటి నుంచీ అడిగాను. ఒక్క మాట రాలేదు. పన్నెండో రోజు నుంచీ మానేశాను. మా ఆవిడ నాకన్నా ముందే మానేసింది, ఇద్దరం దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అమ్మ మాత్రం ఆ సాయంత్రమే, ఏడ్చి ఏడ్చి వాచిన మొహంతో, ‘ఉన్నాడురా’ అంది. అంతే అంది. నేను చేతిలో ఉన్న గ్లాసు గోడకేసి కొట్టాను. అమ్మ ఒంగి గాజుముక్కలు ఏరుకుంటూ ‘చెప్పుల్లేకుండా ఇటు రాకండి’ అంది. ఉంటే ఎక్కడున్నాడమ్మా. ఉంటే పలకడేం. మావయ్యా, నువ్వైనా పలకవేం. పదకొండు రోజులు అడిగాను మావయ్యా, ఆ గోడైనా పలికేదేమో.

కింద ఏదో తెగింది. టప్‌మని, సన్నగా. బోల్టా, తీగా, ఏదో ఒకటి. ఇక కూర్చోడానికి లేదు. కుర్చీ బెల్టు విప్పాను, నడుం బెల్టు కొక్కెం చూసుకున్నాను, ఉంది. తలుపు తీస్తే బయట ఇనప జాలీ పలకల అరుగు ఉంది, కుడివైపు రెండడుగుల్లో నిచ్చెన, స్తంభం లోపలి నుంచి కిందిదాకా. ఎడమవైపు ఆరడుగుల్లో మోటారు, దాని పక్కన చేతి లివర్. కరెంటు లేనప్పుడు బ్రేకు వదలడానికి అదొక్కటే దారి. కుడివైపు పోతే పది నిమిషాల్లో నేల మీద ఉంటాను, స్తంభం లోపల గాలి తక్కువ, ఒరిగేలోపు దిగిపోవచ్చు, ఎవడూ నన్ను ఏమీ అనడు, అందరూ పారిపోయాక నన్ననే మొహం ఎవడికుంది. దిగితే బ్రేకు మాత్రం అలాగే ఉంటుంది. బడి అలాగే ఉంటుంది. నిజం చెప్పాలంటే తలుపు తోసినప్పుడు నా కాలు కుడివైపే పడింది. అబద్ధమెందుకు, పడింది. నిచ్చెన మొదటి మెట్టు మీద పెట్టాను కూడా.

తరవాత ఎందుకు తీశానో చెప్పలేను. ధైర్యం వల్ల కాదు, ధైర్యం ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు. నిచ్చెన గుండా కిందికి చూశాను, చూడకూడదు, చూశాను, మెట్లన్నీ చుట్టలు చుట్టుకుంటూ తిరిగాయి, కళ్ళు ఎత్తాను, మబ్బులు తిరిగాయి, బడి తిరిగింది, చేతికి దొరికిన ఇనప కడ్డీ తిరిగింది. చూడ్డానికి కదలనిది ఒక్కటీ లేదు. అప్పుడు కళ్ళు మూసుకున్నాను. నోటికి వచ్చేసింది, నేను రప్పించలేదు, అమ్మ నోట విని విని అరిగిన మాట. తిరిగేది నా తల, దేవుడు కాదు. నమ్మి అన్నానా అంటే తెలియదు. మూడేళ్ళ కోపం కోపంలాగే ఉంది, పాప అరచేయంత వీపు అలాగే ఉంది, ఉన్నాడో లేడో తేల్చుకునే సమయమూ కాదు. తిరిగేది నా తల. అది మటుకు నిజం, ఎవడైనా ఒప్పుకుంటాడు. దేవుడు కాదు. అక్కడ కాలు మోపినట్టయింది. మోకాళ్ళ మీద కూలబడి, ఎడమవైపుకి పాకాను. బెల్టు కొక్కెం కడ్డీకి తగిలించు, పాకు, తీసి ముందు కడ్డీకి తగిలించు, పాకు. గాలి నన్ను చొక్కా పట్టుకుని లాగుతోంది, కంట్లో దుమ్ము, నోట్లో దుమ్ము, తిరిగేది నా తల, ఆరడుగులు ఎవడు కొలిచాడో గానీ అరవై ఉన్నాయి.

లివర్ చేతికి తగిలింది. జానెడు పొడవు, చల్లగా. ఒక చేత్తో లాగాను, కదల్లేదు, ఎన్నాళ్ళయిందో దాన్ని ఎవరైనా కదిపి. రెండు చేతులూ కావాలి. ఎడమ చేతిలో వాకీటాకీ ఉంది, గదిలోంచి దాన్ని పట్టుకునే పాకొచ్చానన్న సంగతే ఇప్పుడు తెలిసింది. వదులుదామంటే వేళ్ళు రావడం లేదు, కొయ్యబారి కరుచుకుపోయాయి. కుడిచేత్తో ఒక్కొక్క వేలూ విప్పాను, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు. చివరికి బొటనవేలు. అది పక్కనున్న మాట్లాడే బొత్తం మీద గోరు తెల్లబడేలా నొక్కుకుని ఉంది. దాన్ని ఎత్తాను. ఎర్ర దీపం ఆరింది.

‘...ల్లుడూ! అల్లుడూ! బొత్తం వదలరా, నీ కాళ్ళు పట్టుకుంటా, బొత్తం వదలరా!’

వాకీటాకీ తాడుతో నా మణికట్టుకి వేలాడుతోంది, దాంట్లోంచి మైకు మావయ్య గొంతు. మైకు ఎక్కడిది, గొంతు పూర్తిగా పోయింది, బొంగురుగా, చీలిపోయి, ముసలాయన గొంతులా ఉంది. బొత్తం నొక్కి పట్టుకుంటే మన మాట పోతుందే తప్ప అవతలి మాట రాదు. ఇదీ మొదటిరోజు పాఠమే. ఇన్ని నిమిషాలూ నేను నొక్కి పట్టుకుని పలకవేం పలకవేం అంటున్నాను.

‘వదిలాడు! ఇంజనీరు గారూ, వదిలాడు! అల్లుడూ, విను, మళ్ళీ నొక్కకు, నీకు దండం పెడతా, నొక్కకు. బడి ఖాళీ అయింది, పిల్లలంతా వెనక వీధిలోకి పోయారు. రోడ్డు మీద పురుగు లేదు. నీ కింద నేనొక్కణ్ణే ఉన్నా. ఈ ఇంజనీరు కాలరు పట్టుకుని లాగుతున్నాడు, పోను. మీ అమ్మ మాట విన్నా. పాప సంగతి విన్నా. నన్ను దొంగసచ్చినోడా అన్నావు, అదీ విన్నా, దిగు నీ పని చెబుతా. అన్నీ విన్నానురా. నువ్వు వదిలితే కదా నేను పలికేది. అవన్నీ తరవాత, ముందు లివర్ లాగు. రెండు చేతులా. కాలు మోటారుకి తన్నిపట్టు. లాగు!’

కాలు తన్నిపట్టాను. రెండు చేతులా లాగాను. భుజంలో ఏదో కలుక్కుమంది, లివర్ కదిలింది, కదిలి దడాలున వెనక్కి పడింది, పక్కనున్న గొళ్ళెం వేశాను. ఒక్క క్షణం ఏమీ కాలేదు. ఆ క్షణంలో చచ్చిపోయానని అనుకున్నాను, నిజంగా. తరవాత నా కింద పలకలు మెల్లగా జరిగాయి. బూమ్ కదిలింది, అంత పెద్ద చెయ్యి, ఇందాకటి నుంచీ నేను కదలనివ్వని చెయ్యి, గాలి తోసినవైపుకి వెళ్ళింది, నన్నూ తీసుకుని వెళ్ళింది. రోడ్డు పోయింది. బడి కప్పు నా కిందుగా, ఎంతో కిందుగా జరిగిపోయింది, ఖాళీ ఆవరణలో ఎవరిదో నీలం సంచి. ఇళ్ళు పోయాయి, డాబాల మీద నీళ్ళ ట్యాంకులు, ఎగిరిపోతున్న దుప్పటి, మా ఇల్లున్న వీధివైపు మబ్బు, అన్నీ నా చుట్టూ తిరిగాయి, నేను మోటారుని రెండు చేతులా కావలించుకుని బోర్లా పడుకున్నాను, భయం పోలేదు, రెట్టింపయింది. కానీ స్తంభం మూలగడం మానేసింది. చెవి ఇనుముకి ఆనించి విన్నాను. మూలుగు లేదు. కింద ఎక్కడో, నేల లోపలికి దిగేసిన కాంక్రీటు దిమ్మ ఉంది, అది మాత్రం తిరగడం లేదు.

‘తిరుగుతోంది అల్లుడూ, భలే తిరుగుతోంది, తిరగనీ. కళ్ళు మూసుకో. ఇంకో రౌండు తిరిగి అదే సర్దుకుంటుంది. ఇక్కడే ఉన్నా. మీ ఆవిడకి ఫోన్ చేయించాను, మీ అమ్మగారే తీశారు, ఏమన్నారో తెలుసా, ఇదిగో చెబుతా ఆగు, ఈయన మళ్ళీ లాగుతున్నాడు. వదలండి సార్!’

ఏడుపు వచ్చింది. పాప పోయినప్పుడు రానిది, మూడేళ్ళుగా ఎక్కడ దాక్కుందో, మోటారు మీద, గ్రీజు మీద, సిగ్గు లేకుండా వచ్చింది. పాపని దేవుడు ఎందుకు తీసుకుపోయాడో నాకు ఇప్పటికీ తెలియదు, తెలుస్తుందన్న ఆశా లేదు, అడగాల్సింది ఇంకా చాలా ఉంది. ఆ నడవలో పదకొండు రోజులు ఊపిరి తీసుకోకుండా అడిగానే, ఒక్క నిమిషమైనా ఆగానా. ఆగలేదు. వాకీటాకీని నోటి దగ్గరికి తెచ్చుకున్నాను, మావయ్యా అనబోయాను, బొటనవేలు అలవాటుగా బొత్తం మీదికి పోయింది. గాలి తిప్పుతూనే ఉంది. మావయ్య బొంగురుగొంతు ఏదేదో చెబుతూనే ఉంది, ఇంజనీరు గురించి, బడి టీచరమ్మ గురించి, ఇక్కడే ఉన్నా, ఇక్కడే ఉన్నా అని మధ్యమధ్యలో. వేలు తీసేశాను. దాన్ని చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, వింటూ పడుకున్నాను.